రాత్రి డ్యూటీలు, నిద్ర, మత్తు: పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యుని సమాధానాలు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు ఆసుపత్రుల్లో పనిచేసేవారి నుంచి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. రాసేవారు అమలాపురం నుంచి ఒకరు, రాజమహేంద్రవరం నుంచి మరొకరు అయినా, అడిగే విషయం దాదాపు ఒకటే: రాత్రంతా మేలుకొని పనిచేసిన మనిషి పగలు నిద్రపోవడం ఎలా, ఆ నిద్ర కోసం పట్టుకున్న మాత్రనో సీసానో వదిలించుకోవడం ఎలా. అందుకే ఈసారి చోటంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాము. రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తొలగించాము.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను కోనసీమలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సును. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు డ్యూటీ; నెలలో సగం రోజులు రాత్రులే పడతాయి. మావారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో అత్తగారు, బడికి వెళ్లే పాప ఉన్నారు. ఇంటికి వచ్చి, వంట ముగించి పడుకునేసరికి పదకొండు దాటుతుంది. మూడున్నరకు పాప వచ్చేస్తుంది. రెండేళ్ల క్రితం నిద్ర పట్టక అల్ప్రాజొలం 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. ఇప్పుడు 1 మిల్లీగ్రాము వేసుకుంటే గానీ కన్ను మూతపడటం లేదు, సెలవు రోజున రాత్రిపూట పడుకున్నా అంతే. ఒకసారి రెండు రోజులు మానితే చేతులు వణికాయి, గుండె దడ వచ్చింది, కారణం లేని భయం పట్టుకుంది. డ్యూటీలో మెలకువ కోసం ఐదారు కాఫీలు తాగుతాను. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. ఎవరికీ తెలియకుండా అప్పుడు ఒక్కసారిగా మానేద్దామనుకుంటున్నాను. ఇది సాధ్యమేనా? బయటపడితే నా ఉద్యోగం ఏమవుతుంది?

సమాధానం: సోదరీ, సంక్రాంతికి ఒక్కసారిగా మానేసే ఆలోచనను దయచేసి విరమించుకోండి. రెండేళ్లుగా రోజూ వాడుతున్న అల్ప్రాజొలాన్ని హఠాత్తుగా ఆపితే వణుకు, దడతో ఆగకపోవచ్చు. కొందరికి మూర్ఛలు వస్తాయి, ఆ మూర్ఛ ప్రాణం మీదికి కూడా తేవచ్చు. మెదడును శాంతపరిచే సహజమైన వ్యవస్థకు ఈ మాత్ర బలం చేకూరుస్తుంది. నెలల తరబడి ఆ బలానికి అలవాటుపడిన మెదడు తన సర్దుబాట్లు తాను చేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా లేకుండా పోతే ఆ సర్దుబాట్లు మాత్రమే మిగిలి, నరాలన్నీ ఒక్కుమ్మడిగా రేగుతాయి. రెండు రోజులు మానినప్పుడు మీరు చూసినది దాని తొలి దశే. అందులో మీ మనోబలం లోపమేమీ లేదు.

మన డెల్టా కాలువల మీద లాకుల్లో పడవను కిందికి దించడం చూసే ఉంటారు. నీటిని కొద్దికొద్దిగా వదులుతారే గానీ తలుపులన్నీ ఒకేసారి తెరవరు. ఈ మాత్రను తగ్గించడం కూడా అలాగే జరగాలి. మానసిక వైద్యులు సాధారణంగా మోతాదులో చిన్న భాగాన్ని తగ్గించి, ఒకటి రెండు వారాలో అంతకంటే ఎక్కువో ఆగి, శరీరం కుదుటపడిన తరువాత మరికొంత తగ్గిస్తారు. కొందరికి ముందుగా ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజెపామ్ వంటి మందుకు మార్చి, ఆపైన తగ్గిస్తారు. వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఈ లెక్క మీకు మీరు వేసుకోవలసినది కాదు. నర్సులకూ డాక్టర్లకూ మందుల గురించి తెలుసు కాబట్టి తమకు తామే వైద్యం చేసుకోగలమన్న నమ్మకం ఉంటుంది. వృత్తిలో నేను చూసిన కష్టమైన కేసుల్లో చాలావరకు ఆ నమ్మకంతోనే మొదలయ్యాయి. జోల్పిడెమ్ అనే మరో నిద్రమాత్రకు మారడం, వార్డులో చేతికి అందే ఎవిల్ వంటి మత్తునిచ్చే అలర్జీ మందులతో సర్దుకోవడం కూడా వద్దు. మద్యంతో గానీ, ట్రమడాల్ వంటి నొప్పి మందులతో గానీ కలిస్తే అల్ప్రాజొలం శ్వాసనే మందగింపజేస్తుంది.

మరొక సంగతి మీరు గమనించి ఉండకపోవచ్చు. అల్ప్రాజొలం సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. ఉదయం 11 గంటలకు వేసుకున్న మాత్రలో సగానికి పైగా, రాత్రి 8 గంటలకు మీరు చార్జి తీసుకునేటప్పుడు కూడా మీ రక్తంలోనే ఉంటుంది. ఇన్ఫ్యూజన్ పంపులో మోతాదు లెక్కకట్టే వేళ ఆ మత్తును నెట్టడానికి కాఫీ తాగుతున్నారు. ఆ కాఫీ వల్ల తెల్లవారి నిద్ర పట్టక మళ్లీ మాత్ర వేసుకుంటున్నారు. కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది. కాబట్టి మాత్ర జోలికి పోకముందే, వైద్యుని దగ్గరికి వెళ్లేలోపే, మీరు మొదలుపెట్టగలిగిన పని ఒకటి ఉంది: కాఫీలన్నీ డ్యూటీ మొదటి సగంలోనే ముగించండి, రాత్రి రెండు గంటల తరువాత ముట్టకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దంటాయి. డికాక్షన్ కాఫీ 150 మిల్లీలీటర్ల కప్పులో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఐదారు కప్పులంటే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. భోజనానికి గంట ముందూ గంట తరువాతా కాఫీ, టీలు వద్దని కూడా అదే సంస్థ చెబుతుంది. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఎక్కువగా ఉండే మన ఆడవారికి అది చిన్న విషయం కాదు.

ఇక అసలు సమస్య మాత్రకంటే వెనుక ఉంది. పదకొండు నుంచి మూడున్నర వరకు అన్న ఆ నాలుగున్నర గంటలే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి. మన శరీరంలో వెలుతురును బట్టి నడిచే గడియారం ఒకటి ఉంది. దాని యంత్రాంగాన్ని కనుగొన్నందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తెల్లవారుజామున నాలుగైదు గంటల వేళ ఒంటి వేడి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, మగత ముంచుకొస్తుంది. పొద్దెక్కేకొద్దీ వేడి పెరిగి, శరీరం మెలకువకు సిద్ధమవుతుంది. రాత్రి డ్యూటీ చేసినవారికి పగటి నిద్ర ఎప్పుడూ తక్కువగానే దక్కేది ఇందువల్లనే. మీరు పడకను ఎంత ఆలస్యం చేస్తే ఆ ప్రవాహానికి అంత ఎదురీదవలసి వస్తుంది. ఎనిమిదిన్నరకు ఇంటికి చేరితే, రెండు ఇడ్లీలు తిని తొమ్మిదికల్లా పడుకోవడం మీకు ఏ మాత్ర కంటేనైనా ఎక్కువ మేలు చేస్తుంది. వంటను సాయంత్రానికి మార్చడానికి అత్తగారి సాయం కావాలి. కువైట్ నుంచి మీవారు ఆమెతో ఒక్కమాట చెబితే ఈ పని సులువవుతుందని నా ఊహ. సాయంత్రం డ్యూటీకి బయలుదేరే ముందు గంటా గంటన్నర కునుకు తీయగలిగితే పగటి లోటు కొంత తీరుతుంది.

పడకగదికి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిని ఎంచుకోండి. మన ప్రాంతపు ఉక్కలో శ్లాబు కింద మేడగదిలో మే నెల మధ్యాహ్నం ఎవరికీ నిద్ర పట్టదు. కిటికీకి దళసరి నల్లగుడ్డ కట్టి, ఫోను నోరు మూయించి, చెవుల్లో దూది పెట్టుకోండి. ఉదయం ఎండ కళ్లలో పడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం మంచిదేనని చెబుతారు. కానీ స్కూటీ స్వయంగా నడుపుకుంటూ వచ్చేవారు, అందులోనూ నిద్రమత్తులో ఉన్నవారు, ఆ సలహాను పాటించవద్దు.

ఉద్యోగం గురించి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యునిది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. ఇతరుల ప్రాణానికి హాని కలిగే సందర్భం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, మీ యాజమాన్యానికి చెప్పే హక్కు వైద్యునికి లేదు. మీరు పనిచేసే ఆసుపత్రిలో చూపించుకోవడం ఇబ్బంది అనిపిస్తే వేరే ఊరికి వెళ్లండి. మాత్రలు ఎక్కడ తెచ్చుకుంటున్నారో మీరు రాయలేదు, నేను అడగను. అయితే అల్ప్రాజొలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసినది. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం మందుల షాపువారు చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. చీటీ లేకుండా దొరికే దారి ఏదైనా సరే, మీ ఉద్యోగానికి ముప్పు ఆ దారిలోనే ఉంది, వైద్యుని గదిలో లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఆయన కాకినాడలో ఒక ఆసుపత్రిలో వార్డు బాయ్. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వస్తూనే క్వార్టర్ సీసా తాగి పడుకుంటారు. యానాం దగ్గరే కాబట్టి అక్కడి నుంచి తెప్పించుకుంటారు. అదేమిటంటే, డ్యూటీలో ఎప్పుడూ తాగలేదనీ, నిద్ర కోసం తాగేది తాగుడు కాదనీ అంటారు. ఈమధ్య క్వార్టర్ చాలక హాఫ్ అవుతోంది. తెల్లవారుజామున చేతులు వణుకుతున్నాయట, సెలైన్ సీసా తగిలించడానికి కూడా ఇబ్బందిగా ఉందట. మా పిన్ని గారు తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర ఉందనీ, దానితో మానేస్తారనీ చెబుతున్నారు. పెట్టవచ్చా?

సమాధానం: వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మీ పిన్ని గారు చెప్పే మాత్ర బహుశా డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే ఒక విషపదార్థం విరిగిపోకుండా ఆ మాత్ర అడ్డుకుంటుంది. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, గుండె లయ తప్పవచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. తాను ఏమి మింగుతున్నాడో తెలిసి, తాగితే ఏమవుతుందో అర్థం చేసుకొని, ఒప్పుకున్న మనిషికి మాత్రమే, పరీక్షలు చేసిన తరువాత ఇచ్చే మందు అది. పేరు చెప్పకుండా అమ్మే పొడులను కూడా నమ్మకండి.

మీవారు చెప్పేదానిలో ఒక నిజం ఉంది: ఆయన నిద్ర కోసమే మొదలుపెట్టారు. మద్యం త్వరగా నిద్రలోకి దింపుతుంది, అది అబద్ధం కాదు. కానీ రెండు మూడు గంటల తరువాత అదే మద్యం నిద్రను ముక్కలు చేస్తుంది, కలల నిద్రను తగ్గిస్తుంది, ఒంటి నీటిని తోడేస్తుంది. మధ్యాహ్నానికే మెలకువ వచ్చి, అలసట తీరని ఒంటితో మళ్లీ డ్యూటీకి వెళతారు, మర్నాడు ఇంకొంచెం ఎక్కువ తాగుతారు.

తెల్లవారుజామున వచ్చే వణుకు గురించి మీరు రాసిన వాక్యమే ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. రోజూ తాగే మనిషికి ఆఖరి గుటక పడిన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమటలు, దడ మొదలవుతాయి. రాత్రి తాగేవారికి అవి ఉదయం కనిపిస్తాయి, ఇంట్లోవారు గుర్తుపడతారు. ఉదయం తొమ్మిదికి తాగే మీవారికి అవి నడిరాత్రి వార్డులో వస్తున్నాయి కాబట్టి మీకు కనిపించలేదు. అంటే ఆయన శరీరం ఇప్పటికే మద్యానికి లోబడిపోయింది. ఈ స్థితిలో ఇంట్లో ఒట్టు పెట్టించి ఒక్కసారిగా మాన్పించడం కూడా ప్రమాదమే. రెండు రోజులలోపు మూర్ఛలు, రెండు మూడు రోజుల మధ్య మతి తప్పి మాట్లాడటం, లేనివి కనిపించడం వంటివి రావచ్చు. అలా జరిగితే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం మీకు అందుబాటులోనే ఉంది. వణుకు తగ్గించే మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి కొద్దిరోజుల్లో సురక్షితంగా మాన్పిస్తారు. ఆ తరువాత తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఆయన కాలేయాన్ని, కిడ్నీలను పరీక్షించి ఎంచుకుంటారు.

ఆయనతో మాట్లాడేది ఉదయం సీసా తెరిచాక కాదు, సాయంత్రం స్నానం చేసి డ్యూటీకి బయలుదేరే ముందు. తాగుబోతు అన్న మాట తీసుకురావద్దు. చేతుల వణుకు గురించి, సెలైన్ సీసా గురించి మాట్లాడండి. ఆ భయం ఆయనకే ఉంది, లేకపోతే మీకు చెప్పి ఉండేవారు కాదు. ముందుగా మీరొక్కరే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వపు సహాయ సంఖ్య 14446 ఉంది.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఒక ఆపరేషన్ థియేటరులో టెక్నీషియన్‌ని. నాతో రాత్రిళ్లు పనిచేసే స్నేహితుడు ఆంప్యూళ్లలో మిగిలిన ఫెంటానిల్ అనే మత్తునిచ్చే నొప్పి మందు తీసుకుంటున్నాడని అనుమానం. పగలగొట్టి పారబోశామని రిజిస్టరులో రాస్తున్నాడు, నన్ను చూడకుండానే సంతకం పెట్టమంటున్నాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడు, ఇచ్చిన సెలవు తీసుకోకుండా అదనపు డ్యూటీలు అడుగుతాడు. చెబితే వాడి బతుకు పోతుంది. చెప్పకపోతే?

సమాధానం: చెప్పకపోతే పోయేది కూడా బతుకే, అది ఆయన ప్రాణం. ఫెంటానిల్ మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు శక్తిగలది. నాలుగు రోజులు మాని మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు, శ్వాస ఆగిపోతుంది. ఇక బల్ల మీద ఉన్న రోగికి అందవలసిన మందు అందకపోవడం వేరే సంగతి. చూడకుండా ఇకపై ఒక్క సంతకం కూడా పెట్టకండి. అది స్నేహితుణ్ణి కాపాడదు, మీరే ఇరుక్కుంటారు.

మీరు ఒంటరిగా నిలదీయవద్దు. అనెస్థీషియా విభాగాధిపతికో, మీకు నమ్మకమున్న సీనియరు డాక్టరుకో మీరు చూసినవి మాత్రమే చెప్పండి, అనుమానాలు కలపకండి. విషయం బయటపడిన రోజు ఇటువంటివారు సిగ్గుతో, భయంతో ఆత్మహత్యకు పాల్పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ రోజు, ఆ రాత్రి ఆయనను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. తోడుగా ఒకరు ఉండి నేరుగా చికిత్సకు తీసుకువెళ్లాలని ముందే అనుకోండి. కంటిపాపలు చుక్కంతగా కుంచించుకుపోయి, ఊపిరి మందగించి, పెదవులు నీలిరంగుకు తిరిగిన స్థితిలో ఎప్పుడైనా కనిపిస్తే అది క్షణాల వ్యవహారం; ఊపిరి అందిస్తూ, దానికి విరుగుడైన నలోక్సోన్ ఇవ్వగల డాక్టరును పిలవండి.

చట్టం గురించి మీరు ఊహించుకుంటున్నంత అంధకారం లేదు. మాదకద్రవ్యాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షను, వాడకానికి లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం మోపబడిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే, ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. మందు దొంగిలించడం, రిజిస్టరు తారుమారు చేయడం దాని కిందికి రావు. కాబట్టి న్యాయవాది సలహా కూడా అవసరమే. బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులతో ఈ వ్యసనానికి మంచి చికిత్స ఉంది. కోలుకున్నవారు తిరిగి పనిలో చేరవచ్చు, అయితే చాలాకాలం ఆ మందుల అల్మారా తాళంచెవి దరిదాపుల్లోకి వెళ్లని పనిలో.

ప్రశ్న: భీమవరంలో ఆసుపత్రి సెక్యూరిటీ గార్డును. రాత్రి నిద్ర ఆపుకోవడానికి ఖైనీ వేస్తాను. సిగరెట్ కాదు కాబట్టి పరవాలేదా?

సమాధానం: పరవాలేదనడానికి వీలులేదు, నోటి క్యాన్సరుకు ఖైనీ ముఖ్యమైన కారణాలలో ఒకటి. నికోటిన్ ప్రభావం రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది కాబట్టి రాత్రంతా మళ్లీ మళ్లీ వేయవలసి వస్తుంది, ఆ చివరిది ఉదయం నిద్రను కూడా చెడగొడుతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. పొగాకు మానడానికి సలహా ఇచ్చే ఉచిత ఫోను సంఖ్య 1800-11-2356. నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ఫోనుతో సరిపెట్టక దంతవైద్యునికి చూపించండి.

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మధ్యతరహా ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటును. మా నర్సు పిల్లలు నిద్రమాత్రలకు, ఎనర్జీ డ్రింకులకు అలవాటుపడుతున్నారని తెలుస్తోంది. అవగాహన సదస్సు పెట్టమంటారా?

సమాధానం: అమ్మా, సదస్సు కంటే ముందు డ్యూటీ చార్టు చూడండి. రాత్రి డ్యూటీ దిగిన పిల్లలను పదకొండింటికి సదస్సులో కూర్చోబెట్టే ఆసుపత్రులను నేను చూశాను. వరుసగా మూడు రాత్రులకు మించి వేయకుండా, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య కనీసం 11 గంటల విరామం ఉండేలా, మార్పు ఎప్పుడూ ఉదయం నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి సాగేలా వేయండి. రాత్రి నుంచి నేరుగా ఉదయానికి లాగితే శరీరం సర్దుకోలేదు. ఇద్దరున్న చోట ఒకరు కాపుకాసి, రెండవవారు తెల్లవారుజామున ఇరవై నిమిషాలు కునుకు తీయడాన్ని తప్పుగా కాక నియమంగా పెట్టండి. లేచిన వెంటనే పావుగంట మత్తు ఉంటుంది కాబట్టి ఆ సమయంలో ఇంజెక్షన్లు ఇవ్వనీయకండి. నడిరాత్రి క్యాంటీనులో బిర్యానీ కాకుండా తేలికైన తిండి దొరికేలా చూడండి. ఎనర్జీ డ్రింకు లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చని మన ఆహార భద్రతా ప్రమాణాలే అనుమతిస్తాయి. తెల్లవారుజామున తాగిన డబ్బా ఉదయపు నిద్రమాత్రకు దారి తీస్తుంది.

ఇంటికి చేరే దారి గురించి కూడా ఆలోచించండి. 1997లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా ప్రయోగంలో 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి పనితనంతో సమానంగా పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టం వాహనం నడిపేవారికి అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే. మీ నర్సు నిన్న మధ్యాహ్నం లేచి, రాత్రంతా పనిచేసి, ఈ ఉదయం స్కూటీ మీద పిట్టగోడ లేని కాలువ గట్టు వెంట ఇంటికి వెళుతోంది. ఒక వ్యాను ఏర్పాటు చేయలేకపోతే, బయలుదేరే ముందు అరగంట పడుకోవడానికి ఒక గది, రెండు మంచాలైనా ఇవ్వండి.

మందుల అల్మారా తాళం, ఇద్దరి సంతకం, మిగిలిన మందును ఇద్దరి ఎదుట పారబోయడం రాత్రిపూట కూడా అమలవుతున్నాయో లేదో హఠాత్తుగా ఒకసారి వచ్చి చూడండి. నర్సుల గదిలో గోడ మీద మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ సంఖ్య 14416 అంటించండి. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవ ఇరవై నాలుగు గంటలూ తెలుగులో అందుతుంది కాబట్టి రాత్రి మూడు గంటలకు కూడా వాళ్లు మాట్లాడవచ్చు. మాత్రలు మానాలనుకుంటున్నానని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, చికిత్స సాగినన్నాళ్లు ఆ అమ్మాయికి పగటి డ్యూటీలు వేయండి, కారణం చార్టులో రాయకండి.